వెనక టైరు తెల్లారేసరికి మెత్తబడుతుంటే: ఒక ట్యూబ్‌లెస్ కేసు

మౌంటెన్ బైకులకు ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేకుండా టైరే గాలి పట్టుకునే పద్ధతి) వేయించుకునేవాళ్లు మా గోదావరి జిల్లాల్లో ఈ మధ్య బాగా పెరిగారు. వేయించుకుని, కొన్నాళ్లకే మళ్లీ ట్యూబుకి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. కారణం అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "రాత్రి గాలి కొట్టి పెడితే పొద్దున్నకి దిగిపోతోందండి. మన ఎండలకి ఇవి పడవు." ఎండ వల్ల వచ్చే ఇబ్బందులు ఉన్న మాట నిజమే, వాటి గురించి కింద చెప్తాను. కానీ నా దగ్గరికి వచ్చిన బళ్లలో చాలావాటికి అసలు గాలి ఎటు పోతోందో ఎవరూ చూడలేదు. చూడకుండానే సీలెంట్ (రంధ్రాలు మూసుకోడానికి టైరు లోపల పోసే ద్రవం) పోశారు, వాల్వు మార్చారు, మళ్లీ సీలెంట్ పోశారు. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఒకే చక్రం ఒకే ఫిర్యాదుతో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ కారణం వేరు. బండి యజమాని సరేనన్నాకే రాస్తున్నాను. ఆయన ఊరు, ఉద్యోగం, బండి కంపెనీ, అంతకుముందు పని చేసిన షాపుల వివరాలు తీసేశాను.

నేపథ్యం

యజమానికి నలభై దాటాయి. బరువు 80 కిలోలకు కొంచెం పైన. ఉండేది కోనసీమలో. బండి 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్, అంటే వెనక సస్పెన్షన్ లేనిది. వారమంతా తెల్లవారుజామున కాలువ గట్ల మీద, సెలవు దొరికితే అంతర్వేది వైపు సముద్రపు ఇసుక దాకా తొక్కుతారు.

కొండల్లేని డెల్టాలో మౌంటెన్ బైకు దేనికని అడిగేవాళ్లుంటారు. ధవళేశ్వరం నుంచి దిగే కాలువల గట్ల మీద ఒక్క పొద్దు తొక్కి చూస్తే తెలుస్తుంది. వాన పడితే నల్లమట్టి టైరుకి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఎండితే ట్రాక్టర్లు తిరిగిన గాడులు బండబారిపోతాయి. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినప్పుడు ఆ మట్టంతా గట్టు మీదే పోస్తారు. దాంట్లో గాజు పెంకులుంటాయి, తుమ్మ కొమ్మలుంటాయి. చెరువు గట్ల మీద సర్కారు తుమ్మ. సముద్రం దగ్గరపడేకొద్దీ ఇసుక దారుల్లో పల్లేరు కాయలు, ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. ఇలాంటి చోట టైరులో గాలి తక్కువగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. ట్యూబు వేసుకుని గాలి తగ్గిస్తే తూము అంచు తగలగానే ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు కాట్లు పడతాయి. ముళ్ల సంగతి సరేసరి. అందుకే ఈ దారుల్లో రోజూ తొక్కేవాళ్లు ట్యూబ్‌లెస్ వదులుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ బండికి టైర్లు 2.25 అంగుళాలవి. రిమ్ము లోపలి వెడల్పు 25 మి.మీ. టైరూ రిమ్మూ రెండూ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే రకమే. ఎండాకాలం మొదట్లో వేరే ఊళ్లో ఒక షాపులో మార్పించారు. ముందు చక్రం ఏ ఇబ్బందీ పెట్టలేదు.

వచ్చిన ఇబ్బంది

వానలు మొదలైనప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చారు. సాయంత్రం వెనక టైరులో 26 పీఎస్ఐ పెడితే పొద్దున్నకి 14, 15 ఉంటోంది. తొక్కుతున్నంతసేపూ పెద్దగా తేడా తెలియడం లేదు. ముల్లు దిగిన జాడ లేదు, గాలి పోతున్న చప్పుడూ లేదు.

అప్పటికే చాలా చేయించారు. మొదట సీలెంట్ ఎండిపోయిందనుకుని కొత్తది పోయించారు. తగ్గలేదు. ఇంకొంచెం పోశారు. తర్వాత వాల్వు లోపలి కోర్ మార్చారు. ఇంకో చోట సబ్బు నురగ పెట్టి చూస్తే వాల్వు మొదట్లో బుడగలు వచ్చాయట. అక్కడున్న కుర్రాడు కటింగ్ ప్లేరుతో వాల్వు నట్టు గట్టిగా బిగించాడు. ఒకటి రెండు రోజులు ఆగింది, మళ్లీ మామూలే. వాల్వే పాడైందని కొత్త వాల్వు వేశారు. అదీ అంతే.

"ఇక ఓపిక లేదండి. ట్యూబు వేసి ఇచ్చెయ్యండి. పొద్దున్నే లేచింది గాలి కొట్టుకోడానికే అన్నట్టుంది" అన్నారు.

"బండి ఒక రెండ్రోజులు ఇక్కడ వదలండి సార్. గాలి ఎటు పోతోందో చూద్దాం. అప్పటికీ ట్యూబే కావాలంటే వేసేస్తాను" అన్నాను.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒక మాట: నట్టు బిగించిన ప్రతిసారీ కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలయ్యేది. వాల్వు అడుగు రబ్బరు పాడైతే కొత్త వాల్వుతో అది పోవాలి. బిగిస్తే ఆగుతోంది, మారిస్తే పోవడం లేదు. అంటే నట్టు బిగింపు బయట ఏదో దారి మూస్తోంది కానీ లోపల గాలి తప్పించుకునే చోటుని ముట్టుకోవడం లేదని అనుమానం వచ్చింది.

విప్పకుండా చూసినవి

టైరు విప్పితే సాక్ష్యం చెదిరిపోతుంది. బీడింగు (టైరు గట్టి అంచు) రిమ్ము మీద కూర్చున్న తీరు మారుతుంది, సీలెంట్ అటూ ఇటూ పూసుకుంటుంది. మళ్లీ ఎక్కించాక ఆగిందంటే ఏది చేస్తే ఆగిందో చెప్పలేం. అందుకని దేన్నీ కదపని పరీక్షలు ముందు, కదిపేవి ఆఖర్న పెట్టుకుంటాను.

మొట్టమొదట చూడాల్సింది, నిజంగా ఎంత పోతోంది అని. సాయంత్రం రేకుల షెడ్డులో 36 డిగ్రీల వేడిలో 26 పీఎస్ఐ పెట్టి, పొద్దున్న 26 డిగ్రీల చల్లదనంలో చూస్తే, ఒక్క బుడగ కూడా పోకపోయినా గేజి సుమారు 1.3 తక్కువ చూపిస్తుంది. వేడికి గాలి పీడనం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. లెక్క వేసేటప్పుడు బయటి వాతావరణ పీడనం 14.7 కూడా కలుపుకోవాలి. రాత్రికి ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ తగ్గిందని టెన్షన్ పడి టైరు విప్పించుకునేవాళ్లు ఉన్నారు. అది లీకు కాదు. ఈ చక్రానికి మాత్రం నీడలో పెట్టి, ఒకే గేజితో, గంటల తేడాతో చూస్తే గంటకి ఒక పీఎస్ఐ చొప్పున పోతోంది. అది లీకే.

తర్వాత నురగ. నేను కుంకుడు రసం చిక్కగా తీసి స్ప్రే సీసాలో పోసుకుంటాను. నురగ చాలాసేపు నిలుస్తుంది, బట్టల సబ్బు పొడిలో ఉండే లవణాలు నిపిళ్లకి (స్పోకుల్ని రిమ్ముకి బిగించే చిన్న నట్లకి) అంటవు. టైరులో 30 పీఎస్ఐ పెట్టి ముందు నేలకి ఆనే నడుము భాగం, తర్వాత పక్క గోడలు, తర్వాత బీడింగు అంచు రెండు వైపులా, చివర వాల్వు, స్పోకుల నిపిళ్లు చూశాను. టైరు వైపు ఎక్కడా ఏమీ లేదు. వాల్వు నట్టు చుట్టూ నురగ ఉబ్బింది. దాంతో పాటు, వాల్వుకి దాదాపు ఎదురుగా ఉన్న వైపు వరసగా అయిదారు నిపిళ్ల మొదట్లో సన్నటి బుడగలు లేచాయి. వాటి దగ్గర స్పోకుల మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నాను.

ఆ తర్వాత తొట్టిలో ముంచి చూశాను. హబ్ బేరింగులకి నీళ్లు తగలకుండా చక్రాన్ని నిలువుగా పట్టుకుని, కింది భాగం మాత్రం మునిగేలా కొంచెం కొంచెం తిప్పాలి. టైరు గుబ్బల మధ్య ఇరుక్కున్న మామూలు గాలి కూడా బుడగలుగా వస్తుంది కాబట్టి ప్రతి చోటా చేత్తో తుడిచి, ఒక నిమిషం ఆగి చూడాలి. తొట్టి కూడా నురగ చెప్పిందే చెప్పింది.

బుడగ వచ్చిన చోటు, గాలి పోయిన చోటు

ఇక్కడ ఆగి ఆలోచించాలి. అంతకుముందు అందరూ దాటేసింది ఇక్కడే.

రిమ్ము లోపల బోలుగా ఉంటుంది. టైరులోని గాలికీ ఆ బోలుకీ మధ్య అడ్డం, స్పోకు రంధ్రాల మీద చుట్టూ అంటించే టేపు ఒక్కటే. టేపులో ఎక్కడ సందు పడినా గాలి ముందు ఆ బోలులోకి దిగుతుంది. అక్కడి నుంచి రిమ్ము చుట్టూ తిరిగి, బయటికి ఎక్కడ దారి సులువుగా ఉంటే అక్కడ వస్తుంది: నిపిల్ సందులో, రిమ్ము అతుకులో, వాల్వు రంధ్రంలో. పెంకుటింట్లో వాన కారినప్పుడు చుక్క పడుతున్న చోట పైన పెంకు పగిలి ఉండదు కదా, నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో పడతాయి. ఇదీ అంతే. అన్నిటికంటే పెద్ద దారి వాల్వు రంధ్రం కాబట్టి బుడగలు మొదట అక్కడే కనిపిస్తాయి. నట్టు బిగిస్తే దాని కింది రబ్బరు వాషరు ఆ దారి మూస్తుంది. గాలి నిపిళ్లలోంచి సన్నగా పోతుంది, యజమానికి ఆగినట్టే కనిపిస్తుంది. ఆ వాషరు పని గాలిని ఆపడం కాదు. గాలిని ఆపాల్సింది లోపల, వాల్వు అడుగున ఉండే మెత్తటి రబ్బరు.

అయినా వాల్వు అడుగుని పూర్తిగా వదిలేయలేను. లీకు అక్కడా, టేపులోనా అన్నది విప్పకుండా తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. వాల్వు సరిగ్గా కిందికి వచ్చేలా చక్రాన్ని రాత్రంతా నిలబెట్టాను. సీలెంట్ టైరు అడుగుకి చేరుతుంది, రిమ్ము దాకా రాదు. అందుకని పెట్టే ముందు, పెట్టాక కొన్ని గంటలకొకసారి చక్రాన్ని అడ్డంగా ఊపి సీలెంట్ వాల్వు మొదట్లో తడిసేలా చూశాను. వాల్వు అడుగున చిన్న సందే ఉంటే ఈ పనికి కాస్తయినా తగ్గాలి. పొద్దున్న చూస్తే పోయే వేగం ఏమీ మారలేదు.

సీలెంట్ ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. చక్రం తిరుగుతున్నప్పుడు సీలెంట్ మొత్తం బయటికి, టైరు నడుము వైపుకి విసిరేసినట్టు వెళ్లిపోతుంది. ముల్లు దిగేది అక్కడే కాబట్టి ఆ రంధ్రాలు క్షణాల్లో మూసుకుంటాయి. రిమ్ము మీది టేపు దీనికి పూర్తిగా అవతలి వైపు. తొక్కుతున్నంతసేపూ అక్కడికి ఒక్క చుక్క చేరదు. ఊగినప్పుడు చేరిన కొంచెం కూడా టేపు అంచు కిందికి పాకి, జిగురుని ఇంకా ఊడదీస్తుంది. ఈ చక్రంలో పోసిన సీలెంట్ అంతా సమస్యని తగ్గించకపోగా పెంచిందని నా అభిప్రాయం.

విప్పాక

ఒక వైపు బీడింగు దించగానే నల్ల టేపు కనిపించింది. కరెంటు వైర్లకి చుట్టే ఇన్సులేషన్ టేపు. దాని వెడల్పు 18 మి.మీ. ఉంటుంది. 25 మి.మీ. రిమ్ముకి చాలదు కాబట్టి పక్కపక్కనే రెండు చుట్లు వేసి, మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. చేసినవాళ్లని పూర్తిగా తప్పు పట్టలేను. ట్యూబ్‌లెస్ టేపు మా వైపు షాపుల్లో దొరకదు, తెప్పించుకోవాలి. కానీ ఆ టేపు సాగే రకం. దాని జిగురు వేడికి మెత్తబడి జారుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన రోజుల్లో రేకుల షెడ్డులో నిలబెట్టిన బండికి ఆ జిగురు ఎంత పట్టుకుంటుంది?

సుద్ద గీతలు పెట్టిన చోటికి తిప్పి, టేపుని ఒక్కసారిగా లాగకుండా గోటితో అంగుళం అంగుళం లేపాను. రెండు చుట్లు కలిసిన అతుకు కింద తెల్లటి చార ఒకటి, దారమంత సన్నగా, పాక్షికంగా ఎండి ఉంది. అది అతుకు వెంట నాలుగు వేళ్ల దూరం నడిచి, పక్కకి తిరిగి స్పోకు రంధ్రం అంచులో ముగిసింది. ఆ రంధ్రం మీద టేపు గుంటలా లోపలికి దిగిపోయి, అంచున నల్లగా సాగి ఉంది. చార మొదలైన చోటు, సుద్ద గీతల చోటు ఒకటి కాదు. గాలి అక్కడి నుంచి రెండు మూడు రంధ్రాలు దాటి వచ్చి నిపిళ్లలో తేలింది.

వాల్వు దగ్గర కూడా చూడాల్సింది ఉంది. టేపుకి రంధ్రం బ్లేడుతో కత్తెర గుర్తులా కోశారు. నట్టు ప్లేరుతో తిప్పినప్పుడు వాల్వు అడుగు కూడా తిరిగి, ఆ కోతల్లో ఒకటి పక్కకి చిరిగింది. ఇంకా స్పోకు రంధ్రం దాకా చేరలేదు, చేరడానికి ఎక్కువ రోజులు పట్టేది కాదు. వాల్వు రంధ్రం కొలత చూశాను, సన్న వాల్వుకి ఉండాల్సినట్టు 6.5 మి.మీ. ఉంది. ఇది చూసుకోవడం మంచిది. మన దగ్గర తక్కువ ధర బళ్లలో చాలావాటికి మోటారు సైకిల్ వాల్వు పట్టేంత, సుమారు 8.5 మి.మీ. రంధ్రం ఉంటుంది. అందులో సన్న వాల్వు వేస్తే అడుగు రబ్బరు సరిగ్గా కూర్చోక లీకు వస్తుంది. ఆ రంధ్రానికి సరిపడే వాల్వో, సందు నింపే బుషో వేయాలి.

టేపు మార్చడం

చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గడ్డలు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. బోలులోకి చేరిన సీలెంట్ అది. స్పోకు రంధ్రాల్లోంచి వచ్చినంత రాల్చి, మిగిలిన తడి పోయేదాకా ఫ్యాను కింద పెట్టాను. తొందరపడి ఆ రోజే టేపు వేయకపోవడం కావాలని తీసుకున్న నిర్ణయం. వానాకాలం మన గాలిలోనే తేమ ఎక్కువ. బోలులో తడి ఉంటే టేపు సరిగ్గా అంటుకోదు.

పాత జిగురుని కొద్దిగా పెట్రోలుతో, ఆ జిడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ల దగ్గర అది దొరుకుతుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి, అప్పటిదాకా తుడవాలి. స్పోకు రంధ్రాల అంచుల మీద వేలు రాసి చూశాను. ఒకటి రెండు చోట్ల గరుకు తగిలితే సన్నటి నీటి ఎమెరీ కాగితంతో పోగొట్టాను.

టేపు వెడల్పు విషయంలో ఆలోచించాల్సి వచ్చింది. రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉంటే టేపు మధ్య గాడిలోకి దిగి, రెండు వైపులా బీడింగు కూర్చునే గట్టు దాకా వస్తుంది. అప్పుడు బీడింగే టేపు అంచుని నొక్కి పట్టుకుంటుంది. టేపు సన్నగా ఉంటే అంచు గట్టు కిందే ఆగి, సీలెంట్ పాకడానికి తెరిచి ఉంటుంది. మరీ వెడల్పైతే అంచు రిమ్ము గోడ మీదికి ఎక్కి ముడతలు పడుతుంది. 28 మి.మీ. తీసుకున్నాను.

వాల్వు రంధ్రానికి జానెడు ముందు మొదలుపెట్టి, చక్రాన్ని కాళ్ల మధ్య బిగించి, టేపు బలంగా లాగుతూ ఒక చుట్టు తిప్పి, వాల్వు దాటి ఇంకో జానెడు వరకూ రెండో పొర వేశాను. లాగుడు ముఖ్యం. వదులుగా వేసిన టేపు స్పోకు రంధ్రాల మీద పొంగి నిలుస్తుంది. తర్వాత బొటనవేలితో మధ్య గాడి నుంచి అంచులకి నొక్కుకుంటూ మొత్తం తిరగాలి, కింద గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. వాల్వు రంధ్రాన్ని కోయలేదు. సన్నటి సూదిమొన కాల్చి గుచ్చి, వాల్వునే దాంట్లోంచి తోశాను. కాలిన అంచు చిరగదు.

అప్పుడు వాల్వు తీసేసి, మామూలు ట్యూబు వేసి, 30 పీఎస్ఐ పెట్టి మర్నాటిదాకా వదిలేశాను. ట్యూబు టేపుని మూలమూలకీ అదుముతుంది. ఈ పని చేయకపోయినా చాలా చక్రాలు బాగానే నిలబడతాయి, కానీ ఇప్పటికే ఇన్ని చేతులు మారిన చక్రానికి ఇంకో అనుమానం మిగలకూడదనుకున్నాను. మర్నాడు ఒక వైపు బీడింగు మాత్రమే దించి ట్యూబు తీసి, వాల్వు పెట్టి నట్టు చేత్తోనే బిగించి, సిరంజితో 110 మి.లీ. కొత్త సీలెంట్ పోశాను. కోర్ తీసి కంప్రెసరుతో గాలి ఒక్కసారిగా కొడితే బీడింగు రెండు వైపులా టప్పుమని కూర్చుంది. 35 దాకా పెట్టి, చక్రాన్ని అటూ ఇటూ ఊపి, 25కి దించాను.

తెల్లారేసరికి వాతావరణం తేడా తీసేస్తే ఏమీ పోలేదు. ఆయన బండి తీసుకెళ్లారు. ముందు చక్రానికీ అదే నల్ల టేపు ఉండొచ్చు, మార్చుకోమన్నాను. బాగానే ఉంది కదండీ, తర్వాత చూద్దాం అన్నారు.

మళ్లీ అదే ఫిర్యాదు

చలికాలం మొదట్లో ఫోన్. "టేపు మళ్లీ ఊడిందనుకుంటానండి. రాత్రి 23 పెడితే పొద్దున్న 17." మాటలో విసుగు ఉంది, నాకూ అర్థమైంది. కానీ ఫిర్యాదు అదే కాబట్టి కారణమూ అదే అనుకుని టేపు తీసేస్తే, ముందు వాల్వులు మార్చినవాళ్లకీ నాకూ తేడా ఉండదు. మళ్లీ మొదటి నుంచి అదే వరస.

ఈసారి నిపిళ్లు, వాల్వు, రిమ్ము అతుకు అన్నీ పొడిగా ఉన్నాయి. తొట్టిలో ఎంతసేపు చూసినా బుడగ లేదు. అంటే రిమ్ము వైపు కాదు, టేపు బాగుంది. ఎడమ వైపు బీడింగు అంచున ఒకే ఒక్క చోట ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్నాయి. కోర్ తీసి సన్నటి ప్లాస్టిక్ ట్యాగు లోపలికి దించి చూస్తే సీలెంట్ తడిగానే ఉంది. మరి ఇంత చిన్న సందుని ఎందుకు మూయలేదు?

చక్రాన్ని ఎడమ వైపు కిందికి వచ్చేలా బక్కెట్ మీద పడుకోబెట్టాను. సీలెంట్ ఆ బీడింగు దగ్గరే నిలుస్తుంది. పొద్దున్నకి పోయింది తక్కువే. బాగైందనుకుని ఇచ్చేయొచ్చు, కానీ నేనే గట్టు మీద కాసేపు తొక్కి వచ్చి తొట్టిలో పెడితే మళ్లీ అదే చోట బుడగలు. ఇలా విఫలమవడంలోనే అసలు సంగతి తెలిసింది. సీలెంట్ చేరుతోంది, మూస్తోంది, టైరు గోడ బరువుకి వంగినప్పుడల్లా ఆ మూత పగులుతోంది. బీడింగు రిమ్ముకి ఆనకుండా మధ్యలో ఏదో అడ్డం ఉంటేనే అలా జరుగుతుంది.

కాబట్టి టైరు మొత్తం విప్పే పని లేదు. గాలి తీసి, ఆ ఒక్క చోట జానెడు మేర బీడింగుని లోపలికి నొక్కాను. కొబ్బరి పీచు పోగు ఒకటి, రెండంగుళాలు ఉంటుంది, రిమ్ము గట్టు మీద అడ్డంగా పడుకుని ఉంది. సీలెంట్ దాని చుట్టూ తెల్లగా గడ్డకట్టింది, పోగు పక్కన వెంట్రుకంత సందు మాత్రం తెరుచుకునే ఉంది. పోగుకి సన్నటి ఇసుక అంటుకుని ఉంది.

ఆయన్ని అడిగితే గుర్తు తెచ్చుకున్నారు. అంతర్వేది దగ్గర ఇసుకలో తొక్కడానికి వెనక గాలి 15కి దించారు. తిరుగు ప్రయాణంలో మళ్లీ కొట్టలేదు. దారిలో పీచు ఆరబోసిన చోట మలుపు తిరుగుతుంటే వెనక బుస్సుమని ఒక్క చప్పుడు వినిపించిందట. ఆ బరువుకి 15 పీఎస్ఐ చాలదు. పక్కకి ఒత్తిడి పడినప్పుడు బీడింగు క్షణం లేచి గాలి ఊదుతుంది, మూసుకునేటప్పుడు అంచున ఏముంటే దాన్ని లోపలికి పట్టుకుంటుంది. గడ్డిపరకైనా, ఇసుకైనా, పీచైనా.

ట్వీజరుతో పోగు తీసి, గడ్డకట్టిన రబ్బరుని ప్లాస్టిక్ ముక్కతో గీకి, తడిగుడ్డతో రిమ్ము గట్టునీ బీడింగునీ తుడిచాను. ఇనుప పనిముట్టు వాడలేదు, గట్టు మీద గీత పడితే అదే కొత్త లీకవుతుంది. కుంకుడు రసం రాసి 38 దాకా గాలి పెట్టాను, అది టైరు మీద రాసిన పరిమితికి లోపలే. బీడింగు పక్కన టైరు మీద ఉండే సన్నటి గీత రిమ్ము అంచుకి చుట్టూ ఒకే దూరంలో కనిపిస్తోందా అని తిప్పి చూసి, 24కి దించాను. టేపు జోలికి వెళ్లలేదు. బాగున్నదాన్ని కదిపితే మూడో సమస్య తెచ్చుకున్నట్టే.

ఈ కేసు తర్వాత నా పనిలో

లీకు అని వచ్చిన ప్రతి చక్రానికి ఇప్పుడు ముందు ఒకటే తేలుస్తాను: టైరు వైపా, రిమ్ము వైపా. నడుము, గోడ, బీడింగు టైరు వైపు. నిపిల్, రిమ్ము అతుకు, వాల్వు మొదలు రిమ్ము వైపు. రిమ్ము వైపు బుడగ ఎక్కడ కనిపించినా టేపునే మొదట అనుమానించాలి, సీలెంట్ సీసా మూత తీయకూడదు. టైరు వైపైతే సీలెంట్‌కి అవకాశం ఇవ్వాలి. ఒక రాత్రి ఇచ్చాక, తొక్కి చూశాక కూడా ఆగకపోతే అక్కడ ఏదో ఇరుక్కుంది, లేదా గోడ తెగింది.

ఎండ సంగతి చెప్తానన్నాను. సీలెంట్‌లో ఉండేది ఎక్కువగా రబ్బరు పాలు, వేడికి నీరు ఆవిరై గడ్డకడుతుంది. చల్లటి దేశాల్లో ఆరు నెలలు ఉండేది మన వేసవిలో రెండు మూడు నెలలకి మించి ఉంటుందని నమ్మను. అందుకే ఉగాదికి ఒకసారి, కాలువలకి నీళ్లు వదిలేముందు ఒకసారి కోర్ తీసి లోతు చూడమని అందరికీ చెప్తున్నాను. బండిని రేకుల కింద కాకుండా ఇంటి నీడలో పెట్టుకుంటే ఇంకొన్నాళ్లు వస్తుంది. ఎండిపోయిందని తేలితేనే పోయాలి, గాలి దిగుతోందని పోయకూడదు.

గాలి విషయంలో ఆయనతో కూర్చుని లెక్క మార్చుకున్నాం. గట్ల మీద వెనక 24, ముందు 21. ఇసుకలో 19కి తక్కువ వద్దు, ఇసుక దాటగానే మళ్లీ కొట్టుకోవాలి. అందుకని చిన్న చేతి పంపు ఫ్రేముకి కట్టించుకున్నారు.

ముందు చక్రం టేపు కూడా ఆ రోజే తీశాం. ఊహించినట్టే నల్ల టేపు, రెండు చుట్లు. అతుకు ఒక చోట వేలెడు మేర విడిపోయింది, తెల్ల చార మొదలైంది కానీ స్పోకు రంధ్రానికి ఇంకా చేరలేదు. 28 మి.మీ. టేపు వేసి, 100 మి.లీ. సీలెంట్ పోసి పంపాను.